మా ముత్తాత టపా బాట, నా నీలం గీత

చేతిలో టచ్ ఫోను ఉంటే లోకంలో తెలియనిది ఉండదని నేను మనసారా నమ్మిన కాలం ఒకటుంది. అప్పుడు నారాయణఖేడ్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ఊరు మనూర్ వైపు చేన్ల మధ్య ఉన్న చిన్న పల్లె. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మధ్యలో కదలాలంటే షేర్ ఆటోనే, అదీ పదిమంది నిండితేనే (పదిమంది అంటే ఆటో నడిపేవాడి లెక్కలో, మామూలు మనుషుల లెక్కలో పద్నాలుగు). మేనమామ కొనిచ్చిన ఆ ఫోనుకు మా ఇంట్లో డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే సిగ్నల్ దొరికేది. అందుకని తిండి, చదువు, జుట్టు దువ్వుకోవడం అన్నీ అక్కడే. ఊళ్లో నాకు ‘టవర్’ అని పేరు పెట్టారు. వెక్కిరింతకు పెట్టిన పేరే అయినా, నిజం చెప్పాలంటే, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే నాకు లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

మా ఇంటికీ ఒక పేరుంది, ‘టపాలోళ్లు’. మా తాత చెప్పే ప్రకారం ఆయన తండ్రి నిజాం జమానాలో టపా సంచి భుజాన వేసుకుని, గజ్జెలు కట్టిన బల్లెం చేత పట్టుకుని నారాయణఖేడ్ నుంచి మా దిక్కు పల్లెలకు ఉత్తరాలు మోశాడు. ఆయన నడిచిన దారికి టపా బాట అని పేరు. ఇప్పటి రోడ్డు ఊరూరా ఆగి పలకరిస్తూ చుట్టూ తిరిగి పోతుంది. టపా బాట మాత్రం చేన్లలోంచి అడ్డంగా పోయి సగం దూరంలోనే ఖేడ్ చేరుతుంది. ఈ కథ తాత రోజుకొకసారి చెప్పేవాడు, నమ్మేవాళ్లు మాత్రం తక్కువ. చాయ్ హోటల్ ముందు కూర్చునే ఆయన ఈడు ముసలివాళ్లు ‘మీ అయ్య మోసింది టపా కాదు, పటేల్ హుక్కా’ అని నవ్వేవారు. రుజువు చూపిద్దామంటే బల్లెం లేదు. నాయనమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో దాంతో కొన్నాళ్లు పొయ్యిలో నిప్పులు ఎగదోసి, తర్వాత పాత ఇనుము కొనేవాడికి వేసి ఉల్లిగడ్డలు తీసుకుందట. ఆ ఉల్లిగడ్డలు తాను ముట్టలేదని తాత, ముద్దముద్దకూ కొరుక్కుని తిన్నాడని నాయనమ్మ, చివరిదాకా వాదించుకుంటూనే ఉన్నారు.

అలాంటి రోజుల్లో నా ఫోనులోకి ఒక కొత్త యాప్ వచ్చింది. మనం నడుస్తుంటే మన వెంటే మ్యాపు మీద ఒక నీలం గీత గీసుకుంటూ పోతుంది, దాన్ని దాచుకోవచ్చు. డాబా మీదికీ కిందికీ తిరిగి గీతలు గీసి విసుగొచ్చాక, టపా బాటను ఎందుకు గీయకూడదు అనిపించింది. అడగడమే ఆలస్యం, తాత తలపాగా చుట్టాడు. ఎండాకాలంలో ఒక ఆదివారం తెల్లారగట్ల బయలుదేరి ఇద్దరం ఖేడ్ దాకా నడిచాం. అప్పటికే తాత రెండు కళ్లకూ పొరలు కమ్ముకుంటున్నాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒప్పుకోనిది ఆయన ఒక్కడే. దారిలో మేకను చూసి ఎవరో కూర్చున్నారనుకుని రామ్ రామ్ చెప్పి, అది మేక అని నేనన్నాక ‘మేకకు చెప్పొద్దా ఏంది’ అన్నాడు. ఖేడ్‌లో చాయ్ తాగుతూ నేను గొప్పగా నీలం గీత చూపించాను. తాత ఫోను ముక్కుకు ఆనించుకుని చాలాసేపు చూశాడు.

“గిదేందే, దారం పోగు లెక్కున్నది. మా అయ్య జిందగంతా నడిచిన బాట గింతేనా?”

నా ఉత్సాహం మీద చెంబెడు నీళ్లు పోసినట్టయింది. ఊళ్లో అయితే ‘టపా, టవరూ కలిసినయి, ఇగ ఊరికి తిప్పలే’ అని కొన్ని రోజులు నవ్వుకున్నారు. అమ్మ మాత్రం నవ్వలేదు. వానాకాలంలో నాకు సర్కారు ఉద్యోగం పరీక్ష ఉంది, నేనేమో పుస్తకం అట్ట కూడా తెరవకుండా గీతలు గీస్తున్నానని ఆమె బాధ.

ఆ పరీక్ష రోజు రానే వచ్చింది. సెంటర్ ఖేడ్‌కు మా దిక్కు చివరన ఉన్న ఒక కాలేజీలో. తొమ్మిది ముప్పావుకు గేటు మూస్తారు, ఆ తర్వాత నిమిషం ఆలస్యమైనా లోపలికి రానియ్యరు. ఆ రోజే ఖేడ్‌లో కంటి డాక్టర్ల క్యాంపు ఉందని, తాతను కూడా నాతో పంపారు (‘కండ్లకేమైంది, పిల్లకు తోడు పోతున్న’ అని ఆయన ముందే అందరికీ చెప్పి పెట్టాడు). బస్సులో పరీక్షకు పోయేవాళ్లు నేను కాక మరో ఇద్దరున్నారు. ఒకాయన ఒడినిండా గైడ్లు పెట్టుకుని, పెదాలు కదుపుతూ తాలూకాలు, జిల్లాలు వల్లెవేస్తున్నాడు. ఆయన పేరు నాకిప్పటికీ తెలియదు, మాకు గైడన్నే. ఇంకొకామె కొత్తగా పెళ్లయినావిడ, పట్టుచీర, కాళ్లకు పెద్ద గజ్జెల పట్టీలు. అడుగేస్తే బస్సంతా మోగేది. పట్టీలక్క అన్నమాట.

సగం దూరం పోయేసరికి బస్సు ఆగింది. అక్కడ కల్వర్టు కడుతూ పక్కనుంచి మట్టిదారి వేశారు. అంతకుముందు పడ్డ వానకు ఆ మట్టిదారి కాస్తా కొట్టుకుపోయి, మోకాళ్లలోతు గండి పడింది. అవతల ఒడ్డున ఒక్క బండీ లేదు. ఆకుపచ్చ జాకెట్ వేసుకున్న కండక్టరమ్మ దిగి, గండిని చూసి వచ్చి, వెనక్కి పోయి ఇంకో దిక్కు నుంచి తిరిగి రావాలని, ఖేడ్ చేరేసరికి పదకొండు అవుతుందని చెప్పింది. గైడన్న ముఖం పాలిపోయింది. పట్టీలక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలుపెట్టింది. అత్తగారు ఇదొక్కసారికే రాసి రమ్మన్నదట, ఈసారి తప్పితే ఇక పుస్తకాలు అటకెక్కినట్టేనట.

నేను ఫోను తీశాను. నేను దాచుకున్న నీలం గీత మేం ఆగిన చోటికి చాలా దగ్గరలోనే, రెండు సోయా చేన్లు దాటితే ఉంది. గడియారం చూస్తే ఎనిమిదిన్నర కావస్తోంది. గబగబా నడిస్తే గంట. నా జన్మలో నేను బస్సులో లేచి నిలబడి మాట్లాడింది అదొక్కసారే. దారి నాకు తెలుసు, నడిచిపోదాం రండి అన్నాను. బస్సంతా నా ముఖం చూసింది, తర్వాత నా ఫోను చూసింది, తర్వాత ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. ఫోన్లో గీత పట్టుకుని చేన్లలో పడి పోవడానికి తాను అన్ని నెలలు చదవలేదని గైడన్న తలెత్తకుండానే అన్నాడు. అప్పుడు తాత సీటు పట్టుకుని మెల్లగా లేచాడు.

“మా అయ్య టపా ఒక్కనాడు ఆలస్యం కాలే. నడువుండ్రి.”

కండక్టరమ్మ జాలిగా చూసింది. “తాతా, నీకు ఎదురుంగున్న నా మొఖమే ఆనుతలేదు. బాటేం ఆనుతది?”

“బాటను కండ్లతోని గాదు బిడ్డా, కాళ్లతోని చూస్తరు” అని తాత దిగిపోయాడు. ఆయన వెనక నేను, నా వెనక పట్టీలక్క. కాసేపటికి వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. గైడన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గైడ్లు చంకన పెట్టుకుని వస్తున్నాడు.

నల్లరేగడి నేల, తడిసి ఉంది. పది అడుగులకు చెప్పులు ఒక్కోటి ఇటుకంత బరువయ్యాయి. చెప్పులు చేతికొచ్చాయి. తాత పట్టీలక్కను అందరికంటే ముందు నడవమన్నాడు. బల్లేనికి గజ్జెలు కట్టింది చప్పుడుకు పాములు తప్పుకోవడానికేనని, ఆ పని ఇవాళ ఆమె పట్టీలు చేస్తాయని చెప్పాడు. ఆ మాట విన్నాక ఆమె వేసిన అడుగులు చూడాలి, చేను చేనంతా గల్లుమంది. తడి వేళ్లకు ఫోను పలకక, నేను చున్నీతో తుడుచుకుంటూ గీత చూస్తూ దారి చెబుతున్నాను. అంతా సవ్యంగా ఉందనుకునేలోపు గీత తిన్నగా పోయి ఒక నీళ్లకుంటలో పడింది. ఎండాకాలంలో లేని కుంట, ఎవరో రైతు కొత్తగా తవ్వించుకున్నాడు. ఫోను మాత్రం నిబ్బరంగా నీళ్లలోంచే పొమ్మంటోంది. నా పాండిత్యం అక్కడితో అయిపోయింది. కుడివైపు ఏముందని తాత అడిగాడు. మోదుగు చెట్లున్నాయన్నాను. అవి ఉన్నకాడ ఎప్పుడూ బండ నేలేనని, కుడికి పట్టమని అన్నాడు. నిజంగానే అక్కడ కాలు దిగబడలేదు. కుంట చుట్టి మళ్లీ గీత మీదికొచ్చాం.

తర్వాత ఒక పెద్ద బీడు. చెట్టు లేదు, గట్టు లేదు. తాతకు హుషారొచ్చి ముందుకెళ్లిపోయాడు, మేం వెంట పడ్డాం. కాసేపటికి చూస్తే మేం గీతను వదిలి ఎడమకు చాలా దూరం వచ్చేశాం. తాతా, తప్పిపోయాం అన్నాను. ఆయన వినలేదు. మళ్లీ అన్నాను. తన అయ్య బాట తనకు తెలియదా అని గట్టిగా కోప్పడ్డాడు. గైడన్న గడియారం చూసుకుంటున్నాడు. తాత ఇంకో నాలుగడుగులు వేసి ఆగాడు. నా దిక్కు తిరక్కుండా చెయ్యి మాత్రం వెనక్కి చాపాడు.

“నాకు కనవడతలేదే బిడ్డా. నువ్వు చెప్పు, నేను నడుస్త.”

ఇంట్లో అందరం రెండేళ్లు బతిమాలినా ఒప్పుకోని మాట అది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. అక్కణ్నుంచి దిక్కు నేను చెప్పాను, నేల ఎలాంటిదో ఆయన చెప్పాడు. వాగు దగ్గర నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. రాళ్లు ఎక్కడుంటాయో తాత కాళ్లతో వెతికి చూపిస్తే, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దాటాం. గైడన్న గైడ్లు నెత్తిన పెట్టుకుని దాటాడు. అవతల మేకలు కాసే ఆయన ఈ ఊరేగింపును చూసి, ఈ బురదల ఎటు పోతున్నరని అడిగాడు. తాత ఆగకుండానే ‘టపా తీస్కపోతున్నం’ అని జవాబిచ్చాడు.

కాలేజీ వెనక గోడ కనబడగానే నేను పరుగందుకున్నాను. గోడ చుట్టి గేటు దగ్గరికొచ్చేసరికి పోలీసాయన ఒక రెక్క మూసి రెండో రెక్క మీద చెయ్యి వేశాడు. మోకాళ్ల దాకా బురదతో, చేతిలో చెప్పులతో, పట్టుచీరతో, గైడ్లతో వస్తున్న మమ్మల్ని చూసి ఆయన ఆ రెక్క మూయడం మర్చిపోయాడు. ఇంకా మూడు నిమిషాలున్నాయి. లోపలికి ఫోను రానియ్యరు కాబట్టి అప్పుడే చేరుకున్న తాత చేతిలో పెట్టాను. కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

లోపల నేనేం రాశానో నాకు గుర్తులేదు. బయటికొచ్చేసరికి మాత్రం గేటు పక్కన వేపచెట్టు కింద ఇరవై మంది దాకా గుంపు. మధ్యలో తాత. క్యాంపూ లేదు, కళ్లూ లేవు, ఆయన ఫోను ఎత్తిపట్టుకుని వేలితో చూపిస్తున్నాడు. ఇగో గీడ మోదుగులు, గీడ వాగు, గీడికెల్లి మా అయ్య టపా సంచితోని దిగుతుండె. జనం మెడలు చాచి చూసి తలలూపుతున్నారు. అంతకంటే గట్టిగా ఊపుతున్నది మా కండక్టరమ్మ. బస్సు ఎట్లాగో చుట్టూ తిరిగి వచ్చాక, మేం చేరామో లేదో చూసిపోదామని వచ్చిందట. నేను గుంపులో దూరి చూశాను. ఫోను ఎప్పుడో ఆగిపోయినట్టుంది. నల్లటి అద్దం తప్ప అందులో ఏమీ లేదు. ఒక్కరంటే ఒక్కరు గీత ఏదని అడగలేదు. నేనూ తలూపి ఊరుకున్నాను.

ఆ సాయంత్రం బస్సు మా ఊళ్లో ఆగగానే కండక్టరమ్మ ఫుట్‌బోర్డు మీద నిలబడి జరిగిందంతా హోటల్ ముందు చెప్పింది. హుక్కా అని నవ్విన పెద్దమనిషి లేచి, తాతకు తన కుర్చీ జరిపి, చాయ్ తెప్పించి, కుంట దగ్గర కుడికి ఎట్లా తిరిగారో ఇంకోసారి చెప్పమన్నాడు. తాత ఆ సంగతి ఆ రోజు మూడుసార్లు చెప్పాడు. వారం తిరగకుండా తనే అడిగి కంటి ఆపరేషన్‌కు పోయాడు. ఉద్యోగం గైడన్నకొచ్చింది. నాకు రాలేదు, రావడానికి నేను చదివితే కదా. పట్టీలక్క ఆ ఏడు తప్పినా, గేటు దాకా పోయొచ్చిన ధైర్యంతో మరుసటేడు మళ్లీ రాసి ఉద్యోగం కొట్టింది. గైడన్న మిఠాయి డబ్బా పట్టుకుని మా ఊరు వెతుక్కుంటూ వచ్చి, దాన్ని తాత చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. నాకు ఒక లడ్డూ ఇచ్చాడు.

ఇప్పుడు భూములు కొలిచే ఆఫీసులో కంప్యూటర్ ముందు పొద్దంతా మ్యాపులు చూడటమే నా పని. అందరూ వాడుకునే మ్యాపులో టపా బాటను ఎక్కించింది కూడా ఆ సంవత్సరమే, డాబా మీద ట్యాంకు పక్కన కూర్చుని. మొన్న పని మధ్యలో తీసి చూస్తే అప్పుడు నేను రాసిన వివరం అలాగే ఉంది: ‘కనిపెట్టినది: నేను, డిగ్రీ ఆఖరి సంవత్సరం. సహాయం: మా తాత, ముత్తాత.’ దిద్దడానికి రెండు నిమిషాలు చాలు. వేలు అక్కడి దాకా పోయింది కూడా. కానీ ఆ మూడు ముక్కలు రాసి డాబా మీది ఆ పిల్ల ఎంత గొప్పగా ముఖం పెట్టి కూర్చున్నదో గుర్తొచ్చి, నవ్వుకుని, మూసేశాను.