పద్నాలుగు గుప్పిళ్లు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడు, జూన్ మొదటి వారంలో నన్ను రాజమండ్రి నుంచి భీమవరం బదిలీ చేశారు. హోదా సహాయ కార్మిక కమిషనరు. రిటైర్మెంటుకి అప్పటికి రెండేళ్లు ఉంది. కుర్చీలో కూర్చుని వారం తిరక్కుండానే నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు ఒక రొయ్యల షెడ్డుది. అక్కడ తలలు తీసి, పొట్టు ఒలిచి, ఐసులో సర్దే పని ఆడవాళ్లది. అరవై మంది దాకా ఉంటారు. రోజు కూలీ పెంచమని వాళ్లు, పెంచాల్సినంతా పెంచుతూనే ఉన్నానని యజమాని.

మా ఉద్యోగం సంగతి బయటివాళ్లకి అంతగా తెలియదు. మమ్మల్ని జడ్జీలనుకుంటారు. తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. ఇరుపక్షాల్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి రాజీ కుదర్చడమే మా పని. కుదిరితే ఒప్పందం రాసి సంతకాలు పెట్టిస్తాం. కుదరకపోతే కుదరలేదని పైకి నివేదిక పంపుతాం. ఆ నివేదిక పైకి వెళ్లాక ఎప్పుడు కిందికి దిగుతుందో చెప్పగలిగిన అధికారిని నా సర్వీసులో చూడలేదు. కాబట్టి ఆ ఆడవాళ్లకి దొరికేది ఏదైనా ఉంటే అది నా బల్ల దగ్గరే దొరకాలి.

కూలీలో రెండు భాగాలుంటాయి. ఒకటి మూల వేతనం. రెండోది కరువు భత్యం, అందరూ డీఏ అంటారు. ధరల సూచీ ఎన్ని పాయింట్లు పెరిగితే పాయింటుకి ఇంత చొప్పున ఆరునెలలకోసారి డీఏ పెరుగుతుంది. ఈ సూచీ అనేది నాకు పెంపుడు బిడ్డలాంటిది. సర్వీసు మొదట్లో నాలుగేళ్లు ధరలు సేకరించే పనిలో ఉన్నాను. వారం వారం అవే కొట్లు, అవే సరుకులు: కందిపప్పు, నూనె, చింతపండు, సబ్బు. మా నాన్నకి రాజమండ్రిలో కిరాణా కొట్టు ఉండేది. తరాజు పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి ఏ కొట్టువాడూ నాకు తప్పు ధర చెప్పి బతికి బట్టకట్టలేదు. ఆ గర్వం నాకు బాగా ఉండేది, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

మొదటి సమావేశానికి యజమాని సూర్యనారాయణ గారు మేనేజరుని వెంటబెట్టుకుని వచ్చారు. పనివాళ్ల తరఫున ఐదుగురు ఆడవాళ్లు. వాళ్లకి పెద్ద రత్నం, యాభై దాటిన మనిషి. షెడ్డులో ఆమెది గ్రేడింగు పని. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు అంటారు. ముప్పై కౌంటుకీ నలభై కౌంటుకీ రేటులో చాలా తేడా. రత్నం చేత్తో పట్టుకుని కౌంటు చెబితే తూకం వెయ్యక్కర్లేదని మేనేజరే చెప్పాడు. ఐసు నీళ్లలో నానీ నానీ ఆమె వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

నేను రెండు రాత్రులు కూర్చుని తయారుచేసిన పట్టిక తీసి చదివాను. ఐదేళ్లలో సూచీ ఎంత పెరిగిందో డీఏ సరిగ్గా అంతే పెరిగింది. పైసా తేడా లేదు. సూర్యనారాయణ గారి ముఖం వికసించింది. నాకూ లోపల సంతోషంగానే ఉంది, పట్టిక అంత నీటుగా కుదిరినందుకు.

రత్నం అంతా విని, "మీ లెక్క తప్పని మేం అనట్లేదండి. సాయంత్రం పొయ్యి వెలగట్లేదంటున్నాం," అంది.

రేషను బియ్యం ఉచితంగా వస్తున్నాయి కదమ్మా అన్నాను. వస్తున్నాయండి, అంది. గ్యాసు కనెక్షను ఉంది కదా అన్నాను. ఉందండి, అంది. మరి పొయ్యి వెలగకపోవడమేంటని కాస్త గట్టిగానే అడిగాను. ఆమె నా పట్టిక వంక ఒకసారి చూసి, సోమవారం మళ్లీ వస్తామండి అని లేచింది. మిగతా నలుగురూ ఆమె వెనకే వెళ్లిపోయారు. జవాబు లేనివాళ్లే వాయిదా అడుగుతారని అప్పుడు అనుకున్నాను.

సోమవారం ఉదయం మా అటెండరు లోపలికి వచ్చి, గొంతు తగ్గించి, "సార్, ఆ షెడ్డు ఆడవాళ్లు బియ్యం సంచులు తెచ్చారు," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా డిపార్టుమెంటులో రిటైర్మెంటు ముందు రెండేళ్లూ గాజు బొమ్మని మోస్తున్నట్టు నడుస్తాం. ఎవరైనా కొబ్బరిబొండం చేతిలో పెట్టినా ఏసీబీ వాళ్లే కళ్లముందు కనిపిస్తారు. బయటికి వెళ్లి, నా ఉద్యోగం ఊడగొట్టడానికా ఇవన్నీ, తీసుకెళ్లండమ్మా అని అరిచేశాను.

అందరూ బిక్కచచ్చి నిలబడ్డారు. రత్నం మాత్రం, "ఇవి మీకు కాదండీ, దేవుడివి," అంది.

నేను అరిచిన అరుపు ఆ వరండాలో ఇంకా వినబడుతున్నట్టే ఉంది. తలవంచుకుని లోపలికి రమ్మన్నాను. యజమాని, మేనేజరు అప్పటికే కూర్చుని ఉన్నారు. రత్నం ఐదు చిన్న గుడ్డ సంచులు నా బల్ల మీద వరసగా పెట్టి విషయం చెప్పింది.

వాళ్ల పేటలో అందరిదీ లూథరన్ సంఘం. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా, బియ్యం కడగబోయేముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి పక్కన వేరే సంచిలో వేస్తుంది. అది దేవుడి భాగం. ఆదివారం ఆ సంచి గుడికి, అంటే వాళ్ల చర్చికి తెచ్చి, ప్రార్థన అయ్యాక పెద్ద డబ్బాలో పోస్తారు. రత్నం అమ్మమ్మ చేసింది, అమ్మ చేసింది, ఈమె చేస్తోంది. పొయ్యి మీద అన్నం గిన్నె ఎక్కితే గుప్పెడు, ఎక్కకపోతే లేదు. రోజుకి రెండు పూటలు, వారానికి ఏడు రోజులు. సంచిలో పద్నాలుగు గుప్పిళ్లుండాలి. నిన్న ప్రార్థన అయ్యాక ఈ ఐదు సంచులూ డబ్బాలో పోయకుండా ఉంచామనీ, సంఘం పాస్టరు అయ్యగార్ని అడిగి ఆఫీసుకి తెచ్చామనీ, మళ్లీ తీసుకెళ్లి పోసేస్తామనీ చెప్పింది.

తరవాత మొదటి సంచి అరచేతిలో పెట్టుకుని ఒకసారి ఎత్తి, "ఇది నాదేనండి. ఎనిమిది," అంది. రెండోది ఎత్తి ఏడంది. మూడోది తొమ్మిది. నాలుగోది ఏడు.

ఎవరి గుప్పెడు వాళ్లది కదా, చిన్న చెయ్యీ పెద్ద చెయ్యీ ఉంటాయి కదా అని నాకు సందేహం వచ్చింది. అటెండరు చేత పళ్లెం తెప్పించాను. ఎవరి సంచిలోంచి వాళ్లే, ఎవరి గుప్పిటతో వాళ్లే తీసి పళ్లెంలో పోశారు. ఎనిమిది. ఏడు. తొమ్మిది. ఏడు. రత్నం చెప్పినదానికి ఒక్క గుప్పెడు తేడా లేదు. ఏ ఇంటి చెయ్యి ఎంతో కూడా ఆమె చేతికి తెలుసు. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను కట్టిన పట్టికలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. వాటిల్లో ధరలున్నాయి గానీ పూటలు లేవు.

మేనేజరు మాత్రం ఊరుకోలేదు. ఇక్కడికి తెచ్చేముందు ఇంటి దగ్గరే నాలుగు గుప్పిళ్లు తీసేసి ఉండొచ్చు కదా సార్ అన్నాడు. ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ మాటకి జవాబు సూర్యనారాయణ గారి దగ్గర్నుంచి వచ్చింది.

"అది దేవుడికి తీసింది. అన్నవరం స్వామికి కట్టిన ముడుపులోంచి నేను ఒక్క రూపాయి తీస్తానేంటి? వాళ్లూ అంతే. ఆ మాట ఇంకెప్పుడూ అనకు," అన్నారాయన.

ఆ క్షణాన నాకు ఆయన మీద ఎనలేని గౌరవం కలిగింది. ఆయన వాదనకి మిగిలిన ఒకే ఒక్క ఆసరాని ఆయనే తీసేసుకున్నారు.

ఐదో సంచి మిగిలింది. రత్నం దాన్ని ఎత్తి, "పద్నాలుగు," అంది. సూర్యనారాయణ గారు ముందుకి వంగారు. అదే కూలి, అదే షెడ్డు, మరి ఈవిడకి ఎలా కుదిరిందని అడిగారు. ఆ సంచి సంతోషమ్మది. మాట తక్కువ మనిషి. తన భర్తకి షుగరనీ, సాయంత్రం ఇంజెక్షను వేసుకున్నాక తినకపోతే కళ్లు తిరిగి పడిపోతాడనీ, అందుకని తప్పకుండా వండుతుందనీ చెప్పింది. మరి గ్యాసో అన్నారాయన. సంతోషమ్మ పైట చెంగు కాస్త వెనక్కి జరిపింది. చెవులకి కమ్మలు లేవు. కన్నాలు పూడుకుపోకుండా రెండు చీపురు పుల్లలు గుచ్చి ఉన్నాయి.

సూర్యనారాయణ గారు కుర్చీలో వెనక్కి జరిగారు.

అప్పుడు నేను మొదట అడగాల్సిన ప్రశ్న అడిగాను: ఐదేళ్ల క్రితం ఊరికే దొరికి, ఇప్పుడు కొనుక్కుంటున్నవేంటని. కట్ట తెగినట్టు ఐదుగురూ ఒక్కసారి మాట్లాడారు. చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. గేదెలు పోయాయి, పిడకలు పోయాయి. గట్ల మీద కొబ్బరిచెట్లు మోడువారాయి, మట్టలు లేవు. ఇదివరకు పుల్లలూ మట్టలూ ఏరుకుని సాయంత్రం వంట కానిచ్చేవాళ్లు, గ్యాసు పొద్దుటి పూటకే. ఇప్పుడు రెండు పూటలా గ్యాసే కావాలి. చేతిపంపులో నీళ్లు ఉప్పగా మారాయి, అన్నానికి కూడా టిన్ను నీళ్లు కొనాలి. డీఏ పెరిగిన ప్రతిసారీ ఆ పెరిగింది టిన్నులోకీ సిలిండర్లోకీ పోతోంది. అందుకని పొద్దున్నే ఒక్కసారి వండి రెండు పూటలకీ సర్దుతారు. వేసవిలో సాయంత్రానికి ఆ అన్నం పాచిపోతుంది. ఆ రోజుల్లో పిల్లలు టీలో బిస్కెట్టు ముంచుకుని పడుకుంటారు.

సూచీలో తప్పేమీ లేదు. కొట్లో ఉన్న సరుకు ధర పెరిగితే అది పట్టుకుంటుంది. ఊరికే దొరికింది కొట్లోకి చేరితే, ఆ ఇంటి మీద పడే బరువు అందులో సరిగా కనబడదు. నాలుగేళ్లు కొట్ల చుట్టూ తిరిగినవాణ్ణి, ఒక్కరోజు కూడా కొట్టు నుంచి సరుకు వెంట ఇంటిదాకా వెళ్లలేదు.

ఒప్పందానికి ఇంకో మూడు సమావేశాలు పట్టాయి. రొయ్య రేటు పడిపోయిందని సూర్యనారాయణ గారు పట్టుబట్టారు, అదీ అబద్ధం కాదు. చివరికి వాళ్లు అడిగిన పెంపులో సగం ఇచ్చారు. దాంతోపాటు షెడ్డులో ఉన్న మంచినీళ్ల ప్లాంటు నుంచి రోజూ ఇంటికో టిన్ను, రెండు నెలలకో సిలిండరు. ఇవి డీఏతో కలపకూడదని విడిగా ఒక షరతు రాశాను, లేకపోతే తరవాతి పెంపులో మెల్లగా మింగేస్తారు. సంతకం పెడుతూ ఆయన, సంతోషమ్మ ఇంటికి మొదటి సిలిండరు ఈ సాయంత్రమే పంపమని మేనేజరుకి చెప్పారు. ఒప్పందంలో గుప్పిళ్ల మాట రాయాలని నాకు చాలా ఉంది. ఆ ఫారంలో అలాంటి గడి లేదు. "వంట ఇంధనం, తాగునీరు" అని రాసి ఊరుకున్నాను.

రిటైరయ్యే నెలలో ఒక ఆదివారం రత్నం గారు పిలిస్తే వాళ్ల గుడికి వెళ్లాను. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి సంచులు డబ్బాలో పోస్తున్నారు. ఆవిడ తన సంచి నా చేతిలో పెట్టి, "మీరు చెప్పండి సార్, ఎన్నో," అంది.

రెండుసార్లు ఎగరేసి చూసి, పది అన్నాను.

"పదకొండండి," అని నవ్వింది. "ఎనిమిది నుంచి పదకొండు. ఇంకా మూడు రావాలి."

జీతం ధరలతో సమానంగా పెరిగిందా లేదా అన్నది ఆఫీసులో కూర్చుని చెప్పొచ్చు. ఆ జీతంతో ఇల్లు గడుస్తోందా లేదా అన్నది ఎసరు పెట్టే మనిషినే అడగాలి. ముప్పై ఏళ్లు మొదటి ప్రశ్నకి సరైన జవాబు రాసి, రెండోదానికీ జవాబు చెప్పేశాననుకున్నాను. సంచి తిరిగి ఇచ్చేశాను. ఆవిడ పదకొండు గుప్పిళ్లూ డబ్బాలో పోసి, ఖాళీ సంచి దులిపి మడిచి, వచ్చే వారానికి చంకలో పెట్టుకుంది.