డాక్టరు అనని మాట

పోయిన వారం ఆక్లాండ్ శివార్లలోని హాబ్సన్‌విల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి మనవరాలు డైనింగ్ టేబుల్ నిండా కాగితాలు పరిచి స్కూలు ప్రాజెక్టు చేసుకుంటోంది. పన్నెండేళ్ళ పిల్ల. గ్వాటెమాల అనే దేశంలో కొండల మీద ఉండే మాయా ఆడపిల్లల గురించట. నాకు తెలుగులో చెప్పాలని ప్రయత్నించి, సగంలో విసుగొచ్చి ఇంగ్లీషులోకి దిగింది. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒక భాష, ఆసుపత్రిలో నర్సు మాట్లాడేది స్పానిష్. అందుకని ఒక్కోచోట అత్తో, పిన్నో వెంట వెళ్ళి వాళ్ళ తరఫున మాట్లాడుతుందట. చదువుకుంటాను, నాకు ఇప్పుడే పిల్లలు వద్దు అని ఆ పిల్ల చెప్పినా ఆ మాట నర్సు దాకా చేరుతుందన్న నమ్మకం లేదట. కడుపొస్తే బడి మానేసి మగ్గం ముందో, కాఫీ తోటలోనో పనికి కుదరడమే. "అన్‌ఫెయిర్ కదా అమ్మమ్మా? వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకోవాలి కదా!" అంది. నేను బీరకాయలు చెక్కు తీస్తున్నాను. "అవునమ్మా" అని, తీసిన కాయకే మళ్ళీ చెక్కు తీయడం మొదలుపెట్టాను.

రెండువేల నాలుగో, ఐదో. అప్పుడు మేం న్యూ లిన్‌లో, స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న రెండంతస్తుల ఫ్లాట్లలో పైన ఉండేవాళ్ళం. ఏలూరు దగ్గర ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మగా చేసినదాన్ని, ఇక్కడికొచ్చాక రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పనిలో కుదురుకున్నాను. ఆ ముసలమ్మల పుణ్యమా అని ఈ దేశపు కివీల ఇంగ్లీషు నాకు బాగా పట్టుబడింది. దాంతో చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ తగుదునమ్మా అని నేనే నోరైపోయాను. కరెంటు బిల్లు గురించి ఫోన్ చేయాలన్నా, పిల్లల టీచరుతో మాట్లాడాలన్నా, సందు చివరి డెయిరీ కొట్టులో డేటు దాటిపోయిన బ్రెడ్డు అంటగడితే వెనక్కిచ్చి రావాలన్నా ఆంటీని పిలవాల్సిందే. "నీకు ఫీజు లేని ప్లీడరు ఉద్యోగం దొరికింది" అనేవారు మా ఆయన. ఎగతాళి అని తెలిసినా నాకు గర్వంగానే ఉండేది. ఎవరూ పిలవని వారం ఏదో జబ్బు చేసినట్టు తిరిగేదాన్ని.

అలాంటి రోజుల్లో కింది ఫ్లాట్‌లోకి ఓ కొత్త జంట దిగింది. అబ్బాయి ఆక్లాండ్ సిటీలో చదువుకుని, అక్కడే ఉద్యోగం చూసుకుని, రెసిడెన్సీ వచ్చాక కరీంనగర్ వైపు వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చాడు. అమ్మాయికి ఇరవై రెండు ఉంటాయేమో. ఇంటర్ దాకా తెలుగు మీడియం. పెళ్ళికి ముందు వాళ్ళ ఊరి అంగన్‌వాడీలో టీచరుకి సాయంగా ఉండేదట, పసిపిల్లలంటే ప్రాణం. ఇక్కడ పిల్లల సెంటర్‌లో టీచరు కావాలంటే రెండేళ్ళ డిప్లమా చేయాలని, దానికి ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలని వచ్చిన మూడు నెలల్లోనే తెలుసుకుంది. పొద్దున్నే కూరగాయలు ప్యాక్ చేసే షెడ్డులో పని, మంగళ, గురువారాలు సాయంత్రం కమ్యూనిటీ హాల్లో ఇంగ్లీషు క్లాసు. పాత క్యాలెండరు కాగితాల వెనక వాక్యాలు రాసుకుని నా దగ్గరికి దిద్దించుకోవడానికి తెచ్చేది. నేను ఎర్ర పెన్ను తీసేదాన్ని. పంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది? తప్పులు తగ్గుతున్న కొద్దీ నాకు సంతోషంతో పాటు, నిజం చెప్పాలంటే, కాస్త వెలితిగా కూడా అనిపించేది. అప్పటికే మా అమ్మాయి హైస్కూలుకొచ్చి, నా మాట గుమ్మం దగ్గరే ఆపేయడం నేర్చుకుంది.

ఒక శనివారం ఆ పిల్ల మెట్ల మీద నిలబడి, పైటలాగా వేసుకున్న చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, "ఆంటీ, మీతోని ఒక ముచ్చట చెప్పాలె, ఎవ్వరితోని అనొద్దు" అంది. "ఫిబ్రవరిల కోర్సు షురువైతది. రెండేండ్లు పిల్లలు వద్దని మేమిద్దరం అనుకున్నం. డాక్టరమ్మ దగ్గరికి జర నాతోని వస్తరా? గా మాటలు నాకు ఇంగ్లీషుల రావు. తెలుగులనే సిగ్గయితది." మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చుని అనుకున్న మాట అది. ఫోన్ చేసినప్పుడల్లా విశేషమేమైనా ఉందా అని అత్తగారు అడుగుతున్నా, ఆ అబ్బాయి నవ్వి దాటేస్తున్నాడట. ఆ పిల్లని బలవంతపెట్టినవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత జరిగినదానికి నేను ఇంకెవరి మీదా నెపం వేయలేను.

డాక్టరు యాభై దాటిన కివీ ఆవిడ. లోపలికి వెళ్ళగానే తన కుర్చీ ఆ పిల్ల వైపు తిప్పుకుని కూర్చుంది, నా వైపు కాదు. ఎందుకొచ్చామో నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అంతవరకూ నిజాయితీగానే ఉన్నాను. ఆవిడ బీపీ చూసింది, నాలుగు ప్రశ్నలు అడిగింది, ఆ తర్వాత నిదానంగా వివరించింది. రోజూ వేసుకునే బిళ్ళలున్నాయి, మూడు నెలలకోసారి ఇంజెక్షన్ ఉంది, ఈ అమ్మాయి ఆరోగ్యానికి ఏదైనా పనికొస్తుంది, కావాలనుకున్నప్పుడు మానేయొచ్చు, ఇంజెక్షన్ అయితే మానేశాక కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అంతకుమించి పిల్లలు పుట్టరేమోనన్న భయం అక్కర్లేదు అంది. చెప్పి, నేను తెలుగులో చెప్పడం కోసం ఆగింది. ఆ పిల్ల నా నోటివైపే చూస్తోంది.

సరిగ్గా అప్పుడే నాకు మా అక్క గుర్తుకొచ్చింది. పెళ్ళయ్యాక మా అక్క టీచర్ ట్రైనింగ్ కోసం రెండేళ్ళు హాస్టల్లో ఉంది. తర్వాత పిల్లలు కలగలేదు. చదువు పిచ్చిలో ఏదో మందు మింగిందని, అందుకే కడుపు పండలేదని ఊరంతా అనేది. అక్క ఏ మందూ మింగలేదని నాకు తెలుసు. తెలిసి కూడా, జనం వెయ్యిసార్లు అన్న మాట నాలో ఎక్కడో నిజమై కూర్చుంది. దానితోపాటు ఇంట్లో పసిబిడ్డ ఏడుపు విని ఎన్నాళ్ళయిందో అన్న ఆశ ఒకటి. "డాక్టరు గారు ఏమంటున్నారంటే," అన్నాను, "మొదటి కాన్పు కాకుండా ఇవి వాడితే గర్భసంచికి మంచిది కాదట. ముందు ఒక్కళ్ళని కనేసి, ఆ తర్వాత చదువుకోమంటున్నారు."

"గట్లన్నదా?" అంది ఆ పిల్ల. మొహం చిన్నబోయింది. డాక్టరు వైపు చూసింది. పాపం ఆవిడ, తను చెప్పిందే నేను చెప్పాననుకుని, ధైర్యంగా ఉండమన్నట్టు నవ్వి తలాడించింది. ఆ నవ్వు నా అబద్ధానికి వేసిన ముద్ర అయింది. ఏం నిర్ణయించుకుందని డాక్టరు అడిగితే, ఆలోచించుకుని మళ్ళీ వస్తుందట అన్నాను. ఆవిడ మా ఇద్దరినీ కాసేపు మార్చి మార్చి చూసి, ఈసారి వచ్చినప్పుడు ఫోన్‌లో దుబాసీని పిలుద్దాం, అప్పుడు ఈ అమ్మాయి ఒక్కతే కూర్చుని తన మాట తను చెప్పుకోవచ్చు అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. అక్కర్లేదు, మేమంతా ఒక కుటుంబం లాంటివాళ్ళం అని నేనే జవాబిచ్చేశాను. ఆ మాట ఆ పిల్లకి తెలుగులో చెప్పనే లేదు.

బయట కారులో కూర్చున్న అబ్బాయి విని, డాక్టరే అన్నాక ఇంకేముంటుందని ఊరుకున్నాడు. క్రిస్మస్ సెలవులు వచ్చేలోగా ఆ పిల్ల నెల తప్పింది. వేవిళ్ళు మామూలు వేవిళ్ళు కావు. షెడ్డులో ఉల్లికాడల వాసన పడక పని మానేసింది, ఇంగ్లీషు క్లాసులు ఆగిపోయాయి, ఫిబ్రవరిలో కోర్సు మొదలైన రోజు బకెట్ పక్కన పెట్టుకుని పడుకుంది. నేను మిరియాల చారు పట్టుకుని మెట్లు దిగేదాన్ని. ఆడపిల్ల పుట్టాక బాలింత పథ్యం నాదే, పసిదాని స్నానం నాదే. కన్నతల్లి కూడా ఇంత చేయదని అందరూ అంటుంటే పొంగిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ ఆరు వారాలంత సంతోషంగా ఈ దేశంలో నేనెప్పుడూ లేను.

ఆరో వారం చెకప్‌కి ఆ పిల్ల నన్ను పిలవలేదు. ఫోన్‌లో దుబాసీని పెట్టించుకుని తనే మాట్లాడుకుని వచ్చింది. అటునుంచి అటే, బిడ్డని భుజాన వేసుకుని పైకొచ్చింది. "ఆంటీ, డాక్టరమ్మ అప్పుడు అట్ల అననే లేదంట గదా? బిడ్డను కనకముందు గూడ వాడొచ్చంట గదా?" అంది. కోపంగా కాదు. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, చెబితే సర్దుకుంటాను అన్నట్టుగా అడిగింది. అప్పుడైనా ఒప్పుకుంటే సరిపోయేది. "డాక్టర్లు అప్పుడొకటి ఇప్పుడొకటి అంటారమ్మా. నీకు సరిగ్గా గుర్తులేదేమో" అని, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి వైపు తిరిగాను. "గంతేనేమో తియ్యిండ్లి ఆంటీ" అని కిందికి వెళ్ళిపోయింది. మొదటిసారి చెప్పిన అబద్ధానికి మా అక్కనో, ఊరినో అడ్డం పెట్టుకోవచ్చు. ఈ రెండోదానికి ఏ అడ్డూ లేదు. పిరికితనం, అంతే.

ఆ తర్వాత క్యాలెండరు కాగితాలు దిద్దించుకోవడానికి రాలేదు. నన్ను ఎక్కడికీ వెంట రమ్మనలేదు. అలాగని మొహం చాటేసిందా అంటే అదీ లేదు. ఆదివారం సర్వపిండి చేస్తే ఒక ముక్క పైకి పంపేది, దారిలో కనిపిస్తే ఆంటీ అని ఆగి పలకరించేది. దెబ్బలాడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. బిడ్డని చూసేవాళ్ళు లేక మరుసటి ఏడాది కోర్సులో చేరలేదు. నేను చూస్తానని అన్నాను, వద్దంది. ఇంతలో రెండోవాడు పుట్టాడు. చివరికి ఒక పిల్లల సెంటర్‌లోనే పని దొరికింది, క్లీనింగ్ పని. "పిల్లలు పోయినంకనే నేను పోత ఆంటీ. చిన్న చిన్న కుర్చీలన్ని బల్లల మీద పెట్టి తుడుస్త" అని ఒకసారి నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాలి కాబట్టి నవ్వాను. మరి ఆ మొదటి పిల్లేమో బంగారం. ఇప్పుడు సిటీలో యూనివర్సిటీకి వెళుతోంది, నన్ను అమ్మమ్మా అంటుంది. అది పుట్టకుండా ఉండాల్సింది అని నేను ఏ మనసుతో అనుకోను? అందుకే ఇన్నేళ్ళూ ఏమీ అనుకోకుండా గడిపేశాను.

ప్రాజెక్టు రోజు సాయంత్రం, మనవరాలి అట్టముక్కలూ జిగురూ సర్దాక, ఇంటి వెనక చెక్కల డెక్ మీదికి వెళ్ళి ఆ పిల్లకి ఫోన్ చేశాను. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటాయి. యోగక్షేమాలు అడిగితే మళ్ళీ మాట జారిపోతుందని, ఎత్తగానే చెప్పేశాను. ఆ రోజు డాక్టరు ఆ మాట అనలేదు, నేనే అన్నాను, నువ్వు అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాను అన్నాను. అవతల వాక్యూమ్ క్లీనర్ చప్పుడు ఆగింది.

"నాకు ఎరుకే ఆంటీ" అంది. "మీరు పొయ్యి దిక్కు తిరిగిన్రు చూడు, గప్పుడే ఎరుక. ఇయ్యాల చెప్తరు, రేపు చెప్తరు అని చూసిన. కోపం రాలేదని అనను. బిడ్డ మొఖం చూస్తె పొయ్యేది, మల్ల తుడుసుడు మొదలువెడితె వచ్చేది."

నేను ఏడుస్తూనే, బుద్ధి పోనిచ్చుకోక, ఇప్పుడైనా ఆ కోర్సులో చేరకూడదూ, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదా అన్నాను.

"మల్ల మీరే చెప్తున్నరా?" అంది. నవ్విందో లేదో ఫోన్‌లో తెలియలేదు. "నా సంగతి నేను చూసుకుంట తియ్యిండ్లి ఆంటీ" అని పెట్టేసింది.

రెండేళ్ళు ఆగుతానని ఆ పిల్ల అడిగితే నేను ఆగనివ్వలేదు. ఒక్క నిజం కోసం మాత్రం ఇరవై ఏళ్ళు ఆగేలా చేశాను.