శాంపిల్ ఆగదు

మేడం పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను తార్నాకల ఆటో ఎక్కి కూర్చున్న, నడుముకు వీర్యం శాంపిల్ సీసా దోపుకొని. మేడం నా పీహెచ్‌డీ గైడ్. ఆడవాళ్ళు తమంతట తాము వాడుకునే గర్భనిరోధక జెల్ తయారుచేయాలని యూనివర్సిటీ ల్యాబ్‌ల ఏండ్లకేండ్లు కూర్చున్న మనిషి. నిద్రలనే పోయిందట, కొద్దిసేపట్ల శ్మశానానికి తీస్కపోతరట. ఆటోను బౌద్ధనగర్‌ల ఆమె ఇంటికి తిప్పమనాల్నా, క్యాంపస్‌కే పొమ్మనాల్నా నాకు తెల్వలే.

మీకు వింతగ అనిపిస్తది గని, సీసా నడుముకు దోపుడు ఆమె నేర్పిందే. క్లినిక్‌ల శాంపిల్ ఇచ్చినంక గంట లోపల మైక్రోస్కోప్ కిందికి రావాలె, దారిల చల్లబడొద్దు. "మనుషులు ఆగుతరు, శాంపిల్ ఆగదు" అనేది. ఒకసారి షేర్ ఆటోల పక్కనామె, అంతగనం పట్టుకొని కూసున్నవ్, బంగారమా అని అడిగింది. మేడం ముఖం మార్చకుంట, "పిల్లలమ్మా, చల్లగాలి తగలొద్దు" అన్నది. నేను చున్నీ నోట్ల కుక్కుకొని నవ్విన.

ఆమెతోని వేగుడు మాత్రం కష్టం. జెల్ కలిపినంక ఒక్క వీర్యకణం కదిలినా ఫెయిలే అనేది, కడుపు రావడానికి ఒక్కటి చాలదా అని. నా జెల్ ఒకటి తగలంగనే అన్నీ ఆగిపోయినయి. ఇంక థీసిస్ అయిపోయినట్టే అని ఎగిరిన. తర్వాత కుందేళ్ళ మీద చూస్తే యోని లోపలి పొర ఎర్రగ కమిలింది. కొంచెమే గద మేడం అన్న. డబ్బా మొత్తం పారబోయించింది. క్లినిక్‌కు వచ్చే ఆడవాళ్ళు ఆమెకే చెప్పుకునేటోళ్ళు, గోళీలు మింగితే కండ్లు తిరుగుతున్నయని, కండోమ్ అంటే మొగుడు మీదికొస్తడని. "మొగుణ్ణి అడిగే పని ఉండొద్దు, మంట పుట్టొద్దు. ఏది తప్పినా అది మందు కాదు బిడ్డా" అన్నది. నాకు ఒళ్ళు మండిపోయింది. చాన రోజులు సరిగ మాట్లాడలే. ఆమె మాత్రం టిఫిన్ డబ్బాల నా వంతు తెచ్చుడు మానలే.

మంట పుట్టని జెల్ ఒకటి మొన్ననే కుదిరింది. అది కణాలను ఆపుతదా లేదా ఈ పొద్దు తేలాలె. ముందు నాకే ఫోన్ చెయ్యాలె, ఇంకెవ్వరికి చెప్పినా ఊకోను అని మేడం నిన్న సాయంత్రం గట్టిగ చెప్పి పోయింది.

ఆటోను క్యాంపస్‌కే పోనిచ్చిన. తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేల్తలేదు. స్లైడ్ మీద చుక్క వేసి, జెల్ కలిపి, కన్ను ఆనించిన. ఎక్కడివక్కడ ఆగిపోయినయి. ఫోన్ తీసి ఆమె నంబర్ నొక్కిన. రింగ్ అయితుంటే గుర్తొచ్చి కట్ చేసిన.

మళ్ళ కన్ను ఆనించి, ఆమె చూసినట్టే మెల్లగ అంచుల దాకా చూసుకుంట పోయిన. బౌద్ధనగర్‌ల ఆమెను తీస్కపోయే టైం దగ్గరపడ్డది, నేను లేవలే. స్లైడ్ అద్దం మీద ఒక మూలకు, ఆగిపోయినవాటి నడుమ, ఒక్కటి ఇంకా తోక కొట్టుకుంటనే ఉన్నది.