శ్రావణంలో కట్టిన పుట్ట

దేవుళ్లను వాదంలో ఓడించడం తేలిక. వాళ్లు ఎదురు మాట్లాడరు. కోయిలకుంట్ల దగ్గర ఒక అవ్వ మాట్లాడింది.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను మద్రాసులో సినిమా సెట్టింగులు కట్టే శాఖలో పనిచేసేవాణ్ణి. వెదురుతో కోటలు, గోనెపట్టాతో కొండలు నిలబెట్టేవాళ్లం. సెలవు రోజుల్లో సభలెక్కి మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాణ్ణి. ఈ రెండు పనులకూ ఏదైనా తగాదా ఉందని నాకు తోచలేదు.

ఒక జానపద చిత్రానికి మా కళాదర్శకుడు మొదటిసారి ఒక సెట్టు పూర్తిగా నాకు అప్పగించాడు. నిలువెత్తు పుట్ట. అది పగిలి లోపలి నుంచి మునీశ్వరుడు లేవాలి.

"ఇది కుదిరితే వచ్చే చిత్రం నీ చేతికిస్తా. చెడితే మళ్లీ రంగుడబ్బాలే" అన్నాడు.

కోయిలకుంట్ల దగ్గర ఒక ఊరి బయట, వెదురు బద్దల మీద గోనె చుట్టి, మైదా జిగురులో మన్ను కలిపి పూశాం. తడి తగిలితే కరిగిపోతుంది. వాన రాదని ఊరివాళ్లు హామీ ఇచ్చారు. ఆ సీమలో అంతకు మించిన హామీ లేదు.

షూటింగు రోజు పొద్దున, మునీశ్వరుడికి గడ్డం అతికిస్తుండగా, ఊరి ఆడవాళ్లు పాలచెంబులతో వచ్చారు. నాగులచవితి అట. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా మేనేజరు తెల్లబోయాడు.

"అదేంటండీ, దీపావళి వెళ్లాక కదా?"

ఆయన వైపు కార్తీకంలో, మా వైపు శ్రావణంలో. నేను కడపవాణ్ణే. కానీ పండుగలు మానేసిన గొప్పలో అవి ఎప్పుడొస్తాయో కూడా మరిచిపోయాను.

పుట్టకు అడ్డంగా నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"అవ్వా, ఇది పుట్ట కాదు. లోపలంతా గోనెపట్టా. పాము లేదు."

"తెలుసు లేప్పా" అంది ముందున్న అవ్వ. "మా అల్లుడే గదా నీకు మన్ను మోసింది."

"మరి దీనికెందుకు పాలు?"

"నిజం పుట్టలో పాముంటాది. పోయినేడు మా కోడలు వంగితే బుస్సుమనె. ఈడ ఆ బెదురు లేదు, నిదానంగా పోసుకోవచ్చు."

"మా ఊరి పుట్టకు ఇంత కళ యాడుండాది?" అంది వెనక నుంచి ఒకామె.

పాము లేదని రుజువు చేయడమే నా వాదమంతా. అవతలివాళ్లు దాన్ని మొదటి మాటకే ఒప్పేసుకుంటే ఇక మాట్లాడటానికేముంది? పాలకు ఇది కరిగిపోతుంది, పక్కన ఇంకోటి కట్టిస్తాను, కాస్త ఆగమన్నాను.

నీడన కూర్చుని వాళ్లే కట్టించారు. "ఇంకొంచెం పైకి లేపు. ఆ పక్క బొక్క పెట్టప్పా, పాలు యాడికి పోవాల?" ఏ నిర్మాతా నన్ను అంత ఆడించలేదు.

అంతా అయ్యాక అవ్వ చెంబు నా చేతిలో పెట్టింది.

"కట్టినోనివి, ముందు నువ్వు పొయ్యి."

"నేను ఇవన్నీ నమ్మను అవ్వా."

"నమ్మమని ఎవరన్న్యారు? పొయ్యమంటాండా."

పోశాను. మన్ను ఎంత తొందరగా పీలుస్తుందో చూడటానికేనని మేనేజరుకు చెప్పాను. ఆయన మర్యాదస్థుడు, తలూపాడు.

మధ్యాహ్నం పెద్ద పుట్ట చక్కగా పగిలింది, మునీశ్వరుడు లేచాడు. కళాదర్శకుడు నా భుజం తట్టాడు. చూడవచ్చిన అవ్వ ముక్కల వైపు చూసి, నా వైపు చూసింది.

"పగలగొట్టేదానికా అంత కాపాడినావు?"

"మా పనే అదవ్వా."

"బాగుండాది మీ పని" అని ఖాళీ చెంబు చంకన పెట్టుకుని పోయింది.