నీళ్ళు లేవని చెప్పని కొబ్బరికాయ

2022, మే నెల. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న ఒక పల్లె. పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళకు నా మీద ఉన్న కోపం చాలు. భూగర్భ జల శాఖలో నా ఉద్యోగం. ఎవరైనా గ్రావెల్ క్వారీకి దరఖాస్తు పెడితే, ఆ తవ్వకంతో చుట్టుపక్కల నీళ్ళకు ముప్పుందేమో చూసి నివేదిక ఇవ్వాలి. గ్రావెల్ అంటే మన ఎర్ర గరుసే, రోడ్ల కింద పరిచేది.

అడిగిన స్థలం వంక ఒడ్డున ఉంది. వంకలో చుక్క లేదు, ఇసుక కాలిపోతోంది. అక్కడికి కూతవేటు దూరంలో ఊరి మంచినీళ్ళ బావి. ఊళ్ళో బోర్లన్నిట్లో ఉప్పు నీళ్ళే. తాగడానికైనా, మగ్గాలవాళ్ళు నూలుకు గంజి కాచుకోవడానికైనా ఆ ఒక్క బావే దిక్కు.

క్వారీ అడిగిన కాంట్రాక్టరు నాగేంద్ర తన మనుషులతో వచ్చాడు. వాళ్ళ వెనకాల కొబ్బరికాయ పట్టుకుని ఉరుకుందప్ప. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు బోరు వేయించుకోవాలన్నా ఆయన వచ్చి కాయతో చోటు చూపించాల్సిందే. నాకు నవ్వు ఆగలేదు.

“నీళ్ళున్నాయని చూపించడానికి కాయ తెస్తారు. లేవని చూపించడానికి తేవడం ఇప్పుడే చూస్తున్నా” అన్నాను.

“నవ్వొద్దు మేడమ్. ఈయప్ప చేతిలో కాయ లేసిందంటే నీళ్ళుండేదే. లేవలేదనుకో, ఇంక మీరు రాసేదానికి ఏముంటాది?” అన్నాడు నాగేంద్ర.

ఉరుకుందప్ప చెప్పులు విడిచి, కాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని నడిచాడు. ఊరంతా గుమిగూడి చూస్తోంది. స్థలం నడిమధ్యకు వచ్చేసరికి కాయ మెల్లగా లేచి నిటారుగా నిలబడింది! కుర్రవాళ్ళు ఈలలు వేశారు. నాగేంద్ర మొహం మాడిపోయింది.

“ఏందప్పా ఇది? నీకేం సెప్పి పిల్సుకొస్తి?”

“సెప్పింటివి సామీ. ఇన్నేండ్లు నీళ్ళు యాడుండాయని అడిగినోళ్ళే గానీ, లేవని సూపియ్యమన్నోడు లేడు. నా చెయ్యికి ఆ పని తెలీదు” అన్నాడు ఉరుకుందప్ప, కాయను సంచిలో వేసుకుంటూ.

నేను కొబ్బరికాయను నమ్మను. అది లేచినప్పుడు లోపల సంతోషపడిన మాట నిజమే గానీ, నివేదికలో రాస్తే ఆఫీసులో నన్ను చూసి కడుపు చెక్కలయ్యేలా నవ్వుతారు. “కాయ లేచినా పడుకున్నా నాకొకటే. జేసీబీ తెప్పించి ఇక్కడే తవ్వించండి” అన్నాను. దీన్ని ట్రయల్ పిట్ అంటాం. నేల లోపల ఏముందో కళ్ళతో చూసుకోవడానికి తీసే గుంత.

పైన అంతా పొడి గరుసే. రెండు నిలువుల లోతు దాటాక గరుసు రంగు ముదిరింది. ఇంకొంచెం తవ్వేసరికి అడుగున నీళ్ళు ఊరడం మొదలైంది. నాగేంద్ర తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. “సరేలే మేడమ్. ఈ తడి తగలకముందే ఆపేస్తాం. రాసియ్యండి.”

ఇక్కడే నేను మొండికేశాను. మే నెలలో నీటి మట్టం ఏడాది మొత్తానికి అడుగున ఉంటుంది. అందరినీ బావి దగ్గరికి తీసుకుపోయి లోపలి రాతికట్టు చూపించాను. నీళ్ళకు చాలా ఎత్తున తెల్లగా ఒక చార ఉంది. వానలు పడ్డాక నీళ్ళు అక్కడిదాకా వస్తాయి. వంకలో పారే నీళ్ళు, పొలాల మీద పడే వాన ఆ గరుసులోకే ఇంకి, నిదానంగా బావికి చేరతాయి. ఆ చార కన్నా లోతుగా క్వారీ తవ్వితే నీళ్ళు గుంతలోనే నిలబడి ఎండకు పోతాయి. మిగిలినవి లారీల నూనెతో, బురదతో బావికొస్తాయి.

బావిలోని చార ఎత్తును లెవెల్ మిషన్‌తో కొలిచి క్వారీ స్థలం దగ్గర ఒక రాయి పాతించాను. దాన్ని బెంచ్‌మార్క్ అంటాం, ఎవరు ఎంత తవ్వినా దాన్నిబట్టి లోతు తేలుతుంది. ఆ చారకు బాగా పైనే తవ్వకం ఆపాలని, వంక వైపు నేలను ముట్టుకోకూడదని చెప్పేశాను.

అప్పుడు మహాదేవమ్మ అనే ఆమె ముందుకొచ్చింది. అప్పటిదాకా బావిలో నీళ్ళు చేదుకుంటూ మా మాటలు వింటోంది.

“లోతు తవ్వకుంటే వాళ్ళకు గిట్టదు, పొయ్యేస్తారు. క్వారీ వస్తే ఈ ఏడన్నా సుగ్గికి పోకుండా పిల్లోల్లతో ఇంటికాడుందామనుకొంటిమి. నీకేమమ్మా, ఒకటో తారీకు జీతమొస్తాది!”

సుగ్గి అంటే కోతల కోసం వలస. మిరపకాయలు కోయడానికి ఇక్కడి పల్లెలు గుంటూరు దాకా పోతాయి. ఆమె మాట నాకు చురుక్కున తగిలింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

అయినా నివేదికలో ఆ షరతులే రాశాను. పెద్దవాళ్ళ ఫోన్లు వచ్చాయి. “కొంచెం చూడమ్మా” అన్నారొకరు. “చూశాను సార్, బావిలోకి కూడా తొంగిచూశాను” అన్నాను. చివరికి నా షరతులతోనే అనుమతి వచ్చింది. నాగేంద్ర మెరక వైపు చిన్న ముక్క తీసుకుని పైపైనే తవ్వుకున్నాడు. ఊళ్ళో కొద్దిమందికే పని దొరికింది. ఆ ఏడు కూడా మహాదేవమ్మ పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి సుగ్గికి పోయిందని తెలిసింది.

మరుసటి ఎండాకాలం తనిఖీకి పోయాను. రాయి పాతినచోటే ఉంది, తవ్వకం హద్దు దాటలేదు. బావిలో నీళ్ళున్నాయి. గట్టు మీద మహాదేవమ్మ. గుంటూరు నుంచి వచ్చి రెండు రోజులైందట. తిడుతుందనుకున్నాను. దోసిలి పట్టమని బిందె వంచింది.

“ఇంకా కోపముందా మహాదేవమ్మా?” అన్నాను తాగి.

“ఉండదా మల్ల?” అంది. చేద మళ్ళీ బావిలోకి వదిలింది. “పనిదేముంది, యాడన్నా దొరుకుతాది. తిరిగొచ్చేదానికి ఊర్లో నీళ్ళుండల్ల గదమ్మా.”

ఇప్పుడు ఏ క్వారీ దరఖాస్తు వచ్చినా, అడిగిన స్థలం కన్నా ముందు ఊరి బావిలోకి తొంగిచూస్తాను. సుగ్గికి పోయినవాళ్ళు తిరిగొచ్చి చేద వేసేది అందులోనే.