ఎర్ర సిలువ డబ్బా

బి.ఎ. పాసయ్యాను! పోర్ట్‌బ్లెయిర్‌లో కాలేజీ గోడకు అంటించిన కాగితంలో నా నంబరు మూడుసార్లు చూసుకున్నాను. చాతం సామిల్లులో దుంగలు మోసే మా నాన్న జీతం రోజున ఇప్పటికీ వేలిముద్రే వేస్తాడు. ఆయన కూతురు గ్రాడ్యుయేటు! ప్రోతరాపూర్ బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకు కూడా చెప్పేశాను. కానీ నేను అసలు చెప్పాల్సిన మనిషి మా వీధి కొళాయి దగ్గరుంటుంది. ఇవాళ నీళ్ళొచ్చే రోజు; ఈమధ్య సాయంత్రాలే వదులుతున్నారు.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మకు కామెర్లు వచ్చాయి. వానలకు ముందు నెలలు. కొళాయిలో రోజు విడిచి రోజు, పొద్దున్న గంటసేపే నీళ్ళు. తెల్లారేసరికి వీధంతా డబ్బాలు వరసలో పెట్టి ఇళ్ళకు పోయేవాళ్ళు. మనిషి లేకపోయినా డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. మా కిరసనాయిలు డబ్బాకు గుర్తుగా నాన్న ఎర్ర రంగుతో సిలువ వేశాడు.

అమ్మ మంచం పట్టాక వంటా, గంజీ, నీళ్ళూ నా మీద పడ్డాయి. డబ్బా ఆలస్యంగా తెచ్చి చివర్న పెట్టేదాన్ని. తీరా నీళ్ళ వేళకు వెళ్తే అది రెండోదో మూడోదో అయి ఉండేది. మూడు వారాలు ఇదే వింత.

ఆదివారం చర్చిలో, మా తెలుగు సంఘంలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి, "ప్రభువు తన బిడ్డల డబ్బాను తానే ముందుకు జరుపుతున్నాడు" అని చెప్పాను. "స్తోత్రం, స్తోత్రం" అన్నారంతా. పాస్టరుగారు వచ్చే యువజన కూటంలోనూ ఇదే చెప్పమన్నారు. నా కాళ్ళు నేల మీద ఆగలేదు.

ఆ వారమే లెక్కల పరీక్ష. ఒకరోజు డబ్బా చివర్న పెట్టి, ఇంటికి పోకుండా గోడ చాటున కూర్చుని చదువుకుంటున్నాను. రాంచీ వైపు నుంచి వచ్చి మా వీధిలో ఉంటూ రోడ్డుపని చేసే రాంచీ దీదీ వచ్చింది. ఆవిడ చీరకెప్పుడూ తారు వాసన. బస్సులో ఆవిడ పక్కన సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే ప్రయాణం చేసేదాన్ని. ఆవిడ వరసలో రెండోదిగా ఉన్న తన డబ్బా తీసి చివర పెట్టి, మా సిలువ డబ్బాను ఆ చోటికి మార్చింది.

పక్కింటి అత్త కసిరింది. "ఏటి దీదీ, ఆళ్ళు నీకేటి సుట్టాలా? లేటైతే నీ మేస్త్రీ వాపస్ పంపేస్తాడు కదా!"

"పంపనీ. వాళ్ళ అమ్మ బీమార్. పిల్ల స్కూల్ పోవాలి. రోడ్డు ఎక్కడికి పారిపోతాది? రేపు కూడా ఉంటాది."

"ఆ పిల్ల నిన్ను సూసి మొకం తిప్పుకుంటాది, తెల్సా?"

"బచ్చీ హై, చిన్నపిల్ల. తిప్పుకోనీ."

పుస్తకం ఒళ్ళో తెరిచే ఉంది. ఒక్క లెక్కా కనబడలేదు.

ఇంటికెళ్ళి ఏడిస్తే అమ్మ పడుకునే అంది: "దేవుడు జరపలేదని ఎవులన్నారే? దీదీ సేత్తో జరిపించాడు. ఆ సెయ్యి నీ కంటికి ఆనలేదు. సంఘంలో సెప్పింది సంఘంలోనే సరిసెయ్యి."

యువజన కూటంలో ఇక నన్ను మాట్లాడనివ్వరేమో అనుకున్నాను. అయినా ఆదివారం లేచాను. "పోయిన వారం నేను తప్పు చెప్పాను. డబ్బా మార్చింది రాంచీ దీదీ. నేను బస్సులో ఆవిడ పక్కన కూర్చోను."

ఎవరూ స్తోత్రం అనలేదు. వెనక ఒక పెద్దాయన దగ్గారు. పాస్టరుగారు బైబిలు మూసి, "ఇవాళ్టి ప్రసంగం ఈ అమ్మాయే చెప్పేసింది. ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

మర్నాడు బస్సులో వెళ్ళి దీదీ పక్కన కూర్చున్నాను. టికెట్టు నలుపుతుంటే ఆవిడే, "తారు అంటుకుంటాది బేటీ, జరుగు" అంది. జరగలేదు. స్కూలు స్కర్టుకు అంటిన ఆ మరక కిరసనాయిలుతో రుద్దినా పూర్తిగా పోలేదు. అప్పటినుంచి పెందలాడే లేచి మా డబ్బాతో పాటు ఆవిడదీ నేనే పెట్టేదాన్ని.

ఇవాళ బస్సు దిగి పరిగెత్తాను. దీదీ పనిలోంచి నేరుగా వచ్చి వరసలో నిలబడి ఉంది.

"దీదీ, పాస్! సెకండ్ క్లాస్!"

"ఫస్ట్ ఎందుకు రాలేదు?" అని నవ్వింది. నా మొహం పట్టుకోబోయి, చేతులకు తారు చూసుకుని ఆగింది. నేనే ఆ చేతులు లాక్కుని బుగ్గలకు ఆనించుకున్నాను.

"ఆదివారం మా సంఘంలో కృతజ్ఞత చెప్పాలి. నువ్వూ రా."

"నేనొచ్చి ఏం చెప్తాను?"

"చెప్పేది నేను. నువ్వు మా అమ్మ పక్కన కూర్చుంటే చాలు."

దీదీ ఏదో అనబోయింది. కొళాయి బుస్సుమంది.

"అరే, పానీ! డబ్బా జరుపు, గ్రాడ్యుయేట్!"