పంపినవారికే మొదటి కబురు

ఈ ఉదయం ఏలూరులోని నా స్పీచ్ థెరపీ క్లినిక్‌లోకి ఒక తల్లి అడుగుపెట్టగానే గదంతా సంపెంగ వాసన నిండింది. రాస్తున్నదాన్ని ఆగిపోయాను. తాడేపల్లిగూడెంలో నాకు పని నేర్పిన సుభద్రగారి జడలో, దొరికినన్నాళ్ళూ సంపెంగ పువ్వే ఉండేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. మాట రాని పిల్లల చేత మాట్లాడించడం ఆవిడ వృత్తి. నాలాంటి మాటకారుల నోరు మూయించడం ఆవిడ సరదా.

ఆవిడ దగ్గర రెండేళ్ళు పనిచేసి, ఏలూరులో సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. మెరిసే కార్డులు అచ్చు వేయించి ఊళ్ళోని పిల్లల డాక్టర్లందరికీ పంచాను. ఒక్కరూ ఎవరినీ పంపలేదు. రెండు నెలలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. సంగతి తెలిసి సుభద్రగారు బస్సెక్కి వచ్చారు.

“కార్డులిచ్చావు సరే, ఎవరి దగ్గరైనా పది నిమిషాలు కూర్చున్నావా?”

“వాళ్ళకి ఖాళీ ఉండదు కదండీ.”

“ఖాళీ చేసుకునేవాళ్ళ దగ్గరికి పోదాం పద. పిల్లకి మాట రాలేదని ముందు కనిపెట్టేది డాక్టరు కాదమ్మా.”

ఆ మధ్యాహ్నమే కొల్లేరు పక్క ఊళ్ళో ఒక అంగన్‌వాడీకి తీసుకువెళ్ళారు. అక్కడి టీచరు మంగతాయారుగారితో గంటసేపు పిల్లల గురించే మాట్లాడారు. నా గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. అయితే వారం తిరక్కుండానే ఆ టీచరు ఒక పిల్లను పంపారు.

పిల్ల పేరు దేవి. నాలుగేళ్ళు, ఒక్క మాట లేదు. తండ్రి చేపల చెరువు మీద పనిచేస్తాడు. చెవులు బాగా వినిపిస్తాయా అని తల్లిని అడిగాను. “బాగానే వినపడతాయండీ. చెరువులో మోటారు వేస్తే చాలండీ, గబుక్కున తిరిగి చూసుద్ది,” అంది. నేను నమ్మేశాను. నిజం చెప్పాలంటే నమ్మడం నాకు అవసరం. పరీక్షకని ఇంకొకరి దగ్గరికి పంపితే మళ్ళీ నా గడప తొక్కరేమోనని భయం. నాలుగు నెలలు బొమ్మలు చూపించాను, బుడగలు ఊదాను. ఏమీ రాలేదు. ఒకరోజు సుభద్రగారు వచ్చి, దేవి వెనక నిలబడి రెండుసార్లు గట్టిగా పేరు పెట్టి పిలిచారు. పిల్ల తల తిప్పలేదు.

“మరి మోటారు?” అన్నాను.

“మోటారు వేస్తే గట్టు అదురుతుంది, నీళ్ళు ఎగురుతాయి. ఆ పిల్ల చూసేది నీళ్ళనమ్మా.”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ అక్కడితో వదల్లేదు. చెవి డాక్టరుకొకటి, టీచరుకొకటి ఉత్తరాలు రాయమన్నారు.

“నా తప్పేనని రాయాలాండీ? కొల్లేరంతా నా పేరు పోతుందండీ.”

“పేరు పోతే మళ్ళీ తెచ్చుకుందువుగాని. ఆ పిల్లకి పోయిన నాలుగు నెలలు ఎక్కణ్ణించి తెస్తావు?”

టీచరు ఉత్తరం నేనే పట్టుకెళ్ళి, ఆవిడ ముందు, దేవి తల్లి ముందు చదివాను. తిడుతుందనుకున్న తల్లి, “చెవికి మిషను పెడితే నా పిలుపు దానికి వినపడుద్దాండీ?” అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న కంటే తిట్లే నయమనిపించింది. పరీక్షలో వినికిడి లోపమని తేలింది. మిషను పెట్టించుకుని దేవి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఆ నెలలోనే టీచరు ఇంకో ఇద్దరిని పంపారు. “తప్పు చేస్తే ఇంటికొచ్చి చెప్పే మనిషండి,” అని గుండుగొలనులో తనకు తెలిసిన టీచరుకూ చెప్పారట. నా ఉత్తరం చదివిన చెవి డాక్టరుగారు కూడా పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు కామవరపుకోట నుంచి అత్తిలి దాకా పిల్లలు వస్తున్నారు. పనిలో నేను గట్టిదాన్నే. ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటం లేదు. ఎవరు పంపినా సరే, ఏం కుదిరిందో, ఏం కుదరలేదో నెలనెలా వాళ్ళకి రాస్తాను.

దేవి మొదటిసారి ‘అమ్మా’ అన్న రోజున ఆనందం పట్టలేక సుభద్రగారికి ఫోను చేశాను. “టీచరుగారికి చెప్పావా?” అన్నారు ఆవిడ.

“ముందు మీకే చేశానండి.”

“పంపింది ఆవిడమ్మా. ముందు ఆవిడకి చెయ్యి,” అని పెట్టేశారు. కోపం కాదు, తన సంతోషం నాకు తెలియకూడదని.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఏ పిల్ల నోటైనా మొదటి మాట వచ్చిన రోజున, పంపినవాళ్ళకే ముందు ఫోను చేస్తాను. ఆ తరవాత చెయ్యాలనిపించే ఫోను ఒకటి మిగిలిపోతుంది.